తు.చ. తప్పకుండా తీస్తే భయం పుడుతుందా?

పేరున్న హారర్ నవలలు సినిమాలైనప్పుడల్లా రేగే వాదన వెనక ఏముంది

క్లుప్తంగా: నవలలోని సంఘటనలు సినిమాలో మారాయా లేదా అన్నదాని మీదే గొడవంతా జరుగుతుంది. నిజానికి చూడాల్సింది భయం పుట్టే తీరు మారిందా అని. కాగితం మీద భయపెట్టినది తెరమీద నవ్వు తెప్పించవచ్చు. అక్షరం మార్చకుండా తీసి గెలిచిన సినిమాలున్నాయి, సగం కథ పారేసి గెలిచినవీ ఉన్నాయి. ఏది ఎందుకు నెగ్గిందో తెలియాలంటే నవల నిడివి, కథ చెప్పే గొంతు, హక్కుల ఒప్పందం, ముగింపు, వీటన్నిటినీ చూడాలి.

మంటా, మంచా

స్టీఫెన్ కింగ్ నవల 'ది షైనింగ్' చివర్లో బాయిలర్ పేలి ఓవర్‌లుక్ హోటల్ బూడిదైపోతుంది. అదే నవల మీద స్టాన్లీ కుబ్రిక్ తీసిన సినిమాలో హోటల్‌కి ఏమీ కాదు. కొడుకుని గొడ్డలితో తరిమిన తండ్రి, పొదలతో కట్టిన చిక్కుదారిలో దారి తప్పి, చలికి కొయ్యబారి చచ్చిపోతాడు. నవల 1977లో వచ్చింది, సినిమా 1980లో. తన పుస్తకం మంటతోనూ ఆ సినిమా మంచుతోనూ ముగుస్తాయని కింగ్ తరవాతి రోజుల్లో అన్నారు. హారర్ నవలల్ని ఎంతవరకు మార్చవచ్చన్న చర్చ ఎక్కడ మొదలైనా ఈ రెండు ముగింపుల దగ్గరికి రాకుండా ఉండదు.

మార్పుల చిట్టా పెద్దదే. నవలలో 217వ నంబరు గది సినిమాలో 237 అయింది. హోటల్ బయటి దృశ్యాలు తీసిన ఓరెగన్‌లోని టింబర్‌లైన్ లాడ్జ్‌లో నిజంగానే 217 గది ఉంది. సినిమా చూసినవాళ్లు అందులో దిగడానికి జంకుతారేమోనని యాజమాన్యం అడగడంతో నంబరు మార్చారు. నవలలో తండ్రి చేతిలో ఉండేది ఆటకి వాడే పొడవాటి కొయ్య సుత్తి, సినిమాలో గొడ్డలి. వంటమనిషి హాలొరాన్ నవలలో తల్లీకొడుకుల్ని బతికించి తానూ బతుకుతాడు. సినిమాలో మంచుతుపానుకి ఎదురొచ్చి, హోటల్లో అడుగుపెట్టిన కాసేపటికే చనిపోతాడు. నవలలో ఆ కుటుంబం కారు ఎర్ర ఫోక్స్‌వాగన్. సినిమాలో వాళ్ల కారు పసుపు రంగుది. ఎర్ర ఫోక్స్‌వాగన్ మాత్రం రోడ్డు మీద లారీ కింద నుజ్జయి కనిపిస్తుంది. అది రచయితకి కుబ్రిక్ విసిరిన చురక అని చాలామంది నమ్ముతారు.

అయితే కింగ్ అభ్యంతరం వీటి మీద కాదు. నవలలోని తండ్రి జాక్ టొరెన్స్ తాగుడు మానేసిన మనిషి. మాస్టారి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, తాగిన మైకంలో ఒకసారి కొడుకు చెయ్యి విరగ్గొట్టాడు, ఆ తప్పు దిద్దుకోవాలని తాపత్రయపడుతున్నాడు. కొడుకంటే ప్రాణం. అలాంటివాణ్ణి దెయ్యాలున్న ఆ హోటల్ కొంచెం కొంచెంగా లోబరచుకోవడమే నవలలోని భయం. చివరి ఘట్టంలో ఒక్క క్షణం తండ్రి తండ్రిగా తేరుకుని కొడుకుని పారిపొమ్మంటాడు. సినిమాలో ఆ పాత్ర వేసిన జాక్ నికల్సన్ కనుబొమలు మొదటి ఇంటర్వ్యూ సన్నివేశంలోనే ఏదో తేడాగా ఉంటాయి. ఈ మనిషి ఎప్పుడు తెగబడతాడా అని ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు తప్ప, అయ్యో మంచివాడు పాడైపోతున్నాడే అనుకోడు. నవలలో భయం జాలితో కలిసి వస్తుంది. సినిమాలో ఆ జాలికి చోటు లేదు. అందమైన పెద్ద కారే కానీ ఇంజిన్ లేదని కింగ్ చేసిన వ్యాఖ్యకి అర్థం ఇదే.

అలాగని సినిమా భయపెట్టలేదా? వేరే దారిలో భయపెట్టింది. పొడవాటి వసారాలు, పిల్లవాడి మూడుచక్రాల బండి వెనకే నేలకి రాసుకుంటూ సాగే కెమెరా, తివాచీ మీద చప్పుడు లేకుండా వెళ్లి చెక్కనేల మీదకి రాగానే గరగరమనే ఆ చక్రాలు. ఇవేవీ నవల ఇవ్వగలిగినవి కావు. విడుదలైన ఏడాది చెత్త సినిమాలకిచ్చే 'రాజీ' పురస్కారాలకి దర్శకుడూ నటి షెల్లీ డువాల్ నామినేట్ అయ్యారు. 2018లో అదే సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారం భద్రపరచదగినదిగా ఎంపిక చేసింది.

కింగ్ ఊరుకోలేదు. 1997లో ఏబీసీ టెలివిజన్ కోసం తానే స్క్రీన్‌ప్లే రాశారు. మిక్ గారిస్ దర్శకుడు. తనకి ఈ కథ తట్టిన కొలరాడోలోని స్టాన్లీ హోటల్లోనే షూటింగ్ జరిగింది. మూడు భాగాలు. బాయిలర్ పేలింది, కొయ్య సుత్తి వచ్చింది, జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలు కదిలాయి. నవలకి ఇంతకన్నా విధేయంగా ఉండటం కష్టం. ఈ రోజున 'ది షైనింగ్' అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మాత్రం గొడ్డలితో చీల్చిన తలుపు సందులోంచి తొంగిచూసే నికల్సన్ ముఖమే.

పొదలు ఎందుకు భయపెట్టలేదు

ఆ కదిలే పొదల సంగతే కొంచెం వివరంగా చూడాలి. నవలలో మొదట అవి కదలడం ఎవరూ చూడరు. ఇందాక అక్కడున్న సింహం ఇప్పుడు ఇంకాస్త దగ్గరగా ఉంది, అంతే. చదివేవాడు వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆ కదలికని తానే ఊహించుకుంటాడు. తెరమీద అలా కుదరదు. కెమెరా చూపిస్తే కనిపిస్తుంది, చూపించకపోతే లేనట్టే. 1980 నాటి ట్రిక్ షాట్లతో అది అతకదని కుబ్రిక్ ఆ పొదల్ని తీసేసి చిక్కుదారి పెట్టాడని చెబుతారు. 1997లో కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చూపించారు. బొమ్మలు కదిలాయి, భయం కదల్లేదు.

ఇదే చిక్కు కింగ్ రాసిన 'ఇట్' నవలలో ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఊరి కింద మురుగుకాలువల్లో ఉండే ఆ శక్తి చివరికి పెద్ద సాలీడు రూపంలో ఎదురవుతుంది. నవల ఇక్కడ ఒక మాట కలుపుతుంది: అది నిజంగా సాలీడు కాదు, మనిషి బుద్ధి భరించగలిగిన రూపాల్లో దాని అసలు రూపానికి కాస్త దగ్గరగా ఉన్నది సాలీడు. ఈ ఒక్క వాక్యంతో చదివేవాడి వెన్ను జలదరిస్తుంది. 1990 టెలివిజన్ సిరీస్ ఆ వాక్యాన్ని చూపించలేదు, చూపించడం సాధ్యమూ కాదు. సాలీడుని మాత్రం చూపించింది. అంతసేపూ ఆ శక్తి జోకర్ రూపంలో కనిపిస్తే, ఆ వేషం వేసిన టిమ్ కర్రీని చూసి బిగుసుకుని కూర్చున్నవాళ్లు ఆ రబ్బరు సాలీడుని చూసి నీరుగారిపోయారు. అక్కడ సిరీస్ నవలకి విధేయంగానే ఉంది. మాటలో ఉన్న భయాన్ని వదిలేసి, మాట చెప్పిన వస్తువుని పట్టుకోవడమే జరిగిన పొరపాటు.

జపాన్ ఉదాహరణ దీనికి తలకిందులు. కోజీ సుజుకి 1991లో రాసిన 'రింగ్' నవలలో వీడియో క్యాసెట్ చూసినవాళ్లు వారంలో చనిపోతారు. దర్యాప్తు చేసేది ఒక మగ విలేకరి. శాపం వెనక మశూచి వైరస్‌తో ముడిపడిన, సగం వైద్యశాస్త్రంలా సాగే వివరణ ఉంటుంది. 1995లో వచ్చిన టెలివిజన్ చిత్రం దాదాపు నవలనే అనుసరించింది. జపాన్ బయట దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. 1998లో హిడియో నకాటా తీసిన సినిమాలో విలేకరి ఒక తల్లి అయింది, వైరస్ గోల పోయింది. నవలలో ఎక్కడా లేని ఒక దృశ్యం వచ్చి చేరింది: టీవీ తెరలోంచి జుట్టు విరబోసుకుని పాకుతూ గదిలోకి వచ్చే దెయ్యం సడాకో. టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుణ్ణి టీవీలోంచే భయపెట్టడం పుస్తకం చేయలేని పని. కథలో మార్పు జరిగింది, కానీ 'చూడటమే ప్రాణాంతకం' అన్న నవల ఊహ మాత్రం నవలలోకన్నా బలంగా సినిమాకి దక్కింది.

మార్చకుండానే గెలిచినవి

మార్చితేనే గెలుస్తుందని దీన్నిబట్టి తేల్చేయడం తొందరపాటు. ఐరా లెవిన్ 1967లో రాసిన 'రోజ్‌మేరీస్ బేబీ'ని రోమన్ పోలన్‌స్కీ మరుసటి ఏడాదే తెరకెక్కించాడు. సంభాషణలు, దుస్తుల రంగులు సహా నవలలోంచే వచ్చాయి. కథలో భర్త ఒక పత్రికలో చొక్కా ప్రకటన చూశానంటాడు. అది ఏ తేదీ సంచికో చెప్పమని దర్శకుడు రచయితని అడిగాడట. ఆ రోజుల్లో ఏ సంచిక తీసినా ఒక మంచి చొక్కా ప్రకటన ఉండకపోదని ఊహించి రాశానని లెవిన్ ఒప్పుకోవాల్సి వచ్చింది.

అంత విధేయత ఎలా పనిచేసింది? జవాబు నవల నిర్మాణంలోనే ఉంది. అది చిన్న నవల. కథ చాలావరకు ఒకే అపార్ట్‌మెంటులో, పూర్తిగా ఒకే స్త్రీ వెంట నడుస్తుంది. ఆమె చూసినదే మనం చూస్తాం, ఆమెకి తెలియనిది మనకీ తెలియదు. పొరుగువాళ్లు నిజంగా దుర్మార్గులా, లేక కడుపుతో ఉన్న ఆమెది భ్రమా అన్న అనుమానమే భయం. కెమెరాని ఆమె పక్కన నిలబెడితే చాలు, ఆ అనుమానం చెక్కుచెదరకుండా తెరమీదకి వస్తుంది. చివర్లో ఉయ్యాలలో ఉన్న బిడ్డని నవల వర్ణిస్తుంది, సినిమా సరిగ్గా చూపించదు. అంత విధేయుడైన దర్శకుడు కూడా ఆ ఒక్కచోట వెనక్కి తగ్గాడు. సరైన చోటే తగ్గాడు.

'ది ఎక్సార్సిస్ట్' సంగతి ఇంకా ఆసక్తికరం. విలియం పీటర్ బ్లాటీ నవల 1971లో వచ్చింది, విలియం ఫ్రీడ్‌కిన్ సినిమా 1973లో. స్క్రీన్‌ప్లే రాసిందీ నిర్మించిందీ బ్లాటీయే. అనుసరణ స్క్రీన్‌ప్లే విభాగంలో ఆస్కార్ కూడా ఆయనకి వచ్చింది. రచయితే పక్కనుంటే పేచీ ఉండదని అనుకుంటాం. ఉంది. పిల్లని దెయ్యం ఎందుకు పట్టింది అన్న ప్రశ్నకి ఇద్దరు ఫాదరీలు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే చోట జవాబు ఉండేది. మనుషుల్ని నిరాశలోకి నెట్టడానికే ఇదంతా అని. బ్లాటీకి నవల గుండెకాయ అదే. ఉపన్యాసంలా ఉందని ఫ్రీడ్‌కిన్ కత్తిరించాడు. దాంతో చివరికి దెయ్యమే గెలిచిందని కొందరు ప్రేక్షకులు అర్థం చేసుకున్నారు, అది రచయితని బాధించింది. 2000లో విడుదలైన కొత్త కూర్పులో ఆ సంభాషణ తిరిగి చేరింది. సంఘటనలన్నీ నవలవే అయినా ఒక్క సంభాషణ లేకపోతే అర్థమే తారుమారవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

లావు నవలల లెక్క

నిడివి దగ్గర విధేయత అన్నది ఇష్టాయిష్టాల విషయం కాకుండా కూడికలూ తీసివేతలూ అవుతుంది. 'ఇట్' మొదటి ముద్రణ 1138 పుటలు. ఆండీ ముషియెటి దాన్ని 2017లో 135 నిమిషాలు, 2019లో 169 నిమిషాల రెండు సినిమాలుగా తీశాడు. నవలలో చిన్నతనం, పెద్దతనం అల్లుకుని నడుస్తాయి. 1958లో జరిగిన దాన్ని మరిచిపోయిన స్నేహితులకి 1985లో ఒక్కో జ్ఞాపకం తిరిగొచ్చినప్పుడల్లా భయం రెట్టింపవుతుంది. సినిమాలు ఆ అల్లికని విప్పేసి పిల్లల కథ ఒక భాగం, పెద్దల కథ ఒక భాగం చేశాయి. కాలాన్ని 1989కీ 2016కీ జరిపాయి. మొదటి భాగం 70 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. రెండో భాగం చతికిలబడలేదు కానీ అంత ఆడలేదు. పిల్లల కథ విడిగా నిలబడుతుంది. పెద్దల కథకి బలమంతా మరిచిపోయిన చిన్నతనంలో ఉంది, ప్రేక్షకుడు దాన్ని రెండేళ్ల కిందటే చూసేశాడు. పాత్రలకి గుర్తులేనిది ప్రేక్షకుడికి గుర్తుంటే ఇక ఉత్కంఠ ఎక్కడిది?

రచయిత మెచ్చిన ద్రోహం

ముగింపు మార్చడం అన్నిటికన్నా పెద్ద సాహసం. కింగ్ నవలిక 'ది మిస్ట్' ఎటూ తేలని ముగింపుతో, ఒక చిన్న ఆశతో ఆగిపోతుంది. 2007లో ఫ్రాంక్ డారబాంట్ తీసిన సినిమాలో తండ్రి పొగమంచులోని రాక్షసుల చేతికి చిక్కకూడదని కారులో ఉన్న కొడుకునీ తోటివాళ్లనీ కాల్చేస్తాడు. తూటాలు అయిపోయి తనని తాను కాల్చుకోలేక బయటికొస్తే, కొద్ది నిమిషాల్లో పొగమంచు చీల్చుకుంటూ సైన్యం వస్తుంది. కింగ్ దీన్ని మెచ్చుకున్నారు, ఆ ముగింపు తనకే తట్టి ఉంటే బాగుండేదన్నారు.

కుబ్రిక్‌ని తప్పుపట్టిన మనిషే డారబాంట్‌ని మెచ్చుకున్నారంటే అందులో వైరుధ్యం లేదు. 'ది మిస్ట్' మొదటి నుంచీ భయంలో మనుషులు తీసుకునే నిర్ణయాల కథ. సూపర్‌మార్కెట్‌లో చిక్కుకున్నవాళ్లు ఎవరిని నమ్మాలో తేల్చుకోలేక ఒకళ్లనొకళ్లు బలిచ్చే స్థితికి వస్తారు. కొత్త ముగింపు ఆ దారినే చివరి మెట్టు దాకా తీసుకెళ్లింది. 'ది షైనింగ్'లో తండ్రి పాత్రని మార్చడం కథని వేరే దారి పట్టించడం. బయటికి రెండూ మార్పులే. లెక్క మాత్రం వేరు.

కింగ్ నవల 'పెట్ సెమటరీ' మీద 2019లో మళ్లీ తీసిన సినిమా దీనికి మూడో రకం. 1983 నవలలో లారీ కింద పడి చనిపోయేది పసివాడు. ఈ సినిమాలో చనిపోయేది వాడి అక్క. చనిపోయి తిరిగొచ్చిన పిల్లకి మాటలొస్తాయి కాబట్టి నటనకి వీలు ఎక్కువ, ఆ మేరకు మార్పుకి కారణం ఉంది. నవల చదివినవాళ్లని ఉలిక్కిపడేలా చేసే అవకాశం కూడా అదే. ఆ మలుపుని విడుదలకి ముందే ట్రైలర్‌లో చూపించేశారు.

'ఆధారంగా' అంటే ఎంత

టైటిల్స్‌లో 'ఫలానా నవల ఆధారంగా' అని పడుతుంది. ఆ మాటకి చట్టం ఇచ్చే అర్థం పాఠకులు ఇచ్చే అర్థం కన్నా చాలా వదులు. 1992లో 'ది లాన్‌మోవర్ మ్యాన్' అన్న సినిమా వచ్చింది. కింగ్ చిన్న కథలో గడ్డి కోసే మనిషి ఒకడు అతీత శక్తుల కొలువులో ఉంటాడు. సినిమాలో కంప్యూటర్ ప్రయోగాలతో మేధావిగా మారిన తోటపనివాడి కథ ఉంది. ఒకటి రెండు చోట్ల తప్ప రెండిటికీ సంబంధం కనపడదు. తన పేరు తీసేయమని కింగ్ కోర్టుకి వెళ్లారు. సినిమా పేరుకి ముందు యజమాని పేరులా 'స్టీఫెన్ కింగ్స్' అని వేయడం తప్పని అప్పీలు కోర్టు అంది. కథ హక్కులు కొన్నారు, అందులో కొంత వాడుకున్నారు కాబట్టి 'ఆధారంగా' అని వేసుకోవడాన్ని మాత్రం కాదనలేదు. రచయిత ఒప్పందంలో విడిగా రాయించుకుంటే తప్ప విధేయత కోరే హక్కు చాలా సందర్భాల్లో ఉండదన్నమాట.

హక్కులు కొనకుండా తీస్తే ఏమవుతుందో చెప్పేది అంతకన్నా పాత కథ. బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' 1897 నాటిది. 1922లో జర్మనీలో మూర్నౌ పేర్లు మార్చి 'నోస్ఫెరాటు' తీశాడు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దావా వేసి గెలిచారు, ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. కొన్ని తప్పించుకున్నాయి. ఇందులో తమాషా ఏమిటంటే, పొద్దు పొడిస్తే పిశాచి మాయమైపోతుందన్నది ఆ సినిమా చేసిన కల్పన. నవలలో డ్రాకులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు, చివర్లో చచ్చేది కూడా కత్తిపోట్లకి. కోర్టు నాశనం చేయమన్న సినిమాలోంచి పుట్టిన నియమాన్ని ఆ తరవాత వచ్చిన రక్తపిశాచుల కథలు నమ్మకంగా పాటిస్తూ వచ్చాయి.

వారం వారం వచ్చిన కాష్మోరా

తెలుగులో ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఎదురైంది. డెబ్బైల్లో, ఎనభైల్లో 'నవలా చిత్రం' అంటే గిరాకీ. ఎక్కువ భాగం కుటుంబ కథలు, ప్రేమ కథలు. హారర్‌లో ఆ స్థాయి పేరు తెచ్చుకున్నది యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం', దానికి కొనసాగింపు 'తులసి'. చేతబడి, కాష్మోరా (ఆ నవలల్లోని క్షుద్రశక్తి) అన్న మాటలు ఆ నవలలు చదవనివాళ్ల నోళ్లలో కూడా నలిగాయి. 1985లో కన్నడంలో 'తులసీదళ', 1986లో తెలుగులో 'కాష్మోరా' సినిమాలుగా వచ్చాయి. నవలల పేరు ముందు సినిమాల పేరు నిలబడలేదు.

దీనికి తీసిన తీరు ఒక్కటే కారణం కాదు. 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. సీరియల్ భయానికి రచయితతో పాటు ఇంకో సహాయకుడు ఉంటాడు: వారం రోజుల గడువు. చేతబడికి గురైన పిల్లకి ఏమవుతుందో తెలియకుండా కథ ఆగిపోతే, మిగతా ఏడు రోజులూ ఆ భయాన్ని పాఠకుడే పెంచి పోషిస్తాడు. పక్కింటివాళ్లతో చర్చిస్తాడు, కరెంటు పోయిన రాత్రి గుర్తు చేసుకుంటాడు. రెండున్నర గంటల సినిమాలో అలాంటి ఆగుడు ఒకే ఒక్కసారి వస్తుంది, ఇంటర్వెల్‌లో. పది పన్నెండు చోట్ల బిగించిన కథని ఒక్క ఇంటర్వెల్ బ్యాంగ్ చుట్టూ తిరిగి అల్లాలి. పాటలకీ కామెడీకీ చోటు ఇవ్వడం ఆనాటి తప్పనిసరి కాబట్టి భయం ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి రాజుకోవాల్సి వచ్చేది. ఇలాంటి కథలకి సినిమా కన్నా వారానికో ఎపిసోడ్ విడుదల చేసే వెబ్ సిరీస్ సహజమైన చోటు. ఎపిసోడ్లన్నీ ఒకే రాత్రి వదిలేస్తే ఆ లాభం కూడా పోతుంది.

ఇద్దరికీ నచ్చేలా

ఇక మళ్లీ ఓవర్‌లుక్ హోటల్‌కి. కింగ్ 2013లో 'డాక్టర్ స్లీప్' రాశారు. పిల్లవాడు డానీ పెద్దవాడై, తండ్రిలాగే తాగుడికి బానిసై, దాన్నుంచి బయటపడే కథ. అందులో హోటల్ ఎప్పుడో కాలిపోయింది. 2019లో దాన్ని సినిమా తీయాల్సిన మైక్ ఫ్లానగన్‌కి ఇరకాటం ఏమిటంటే, ప్రేక్షకుల మనసులో ఆ హోటల్ ఇంకా అలాగే ఉంది. కుబ్రిక్ దాన్ని కాల్చలేదు కదా.

ఫ్లానగన్ కుబ్రిక్ సెట్లని మళ్లీ కట్టించాడు. అవే వసారాలు, అదే తివాచీ. ఆ హోటల్లోకి పెద్దవాడైన డానీని పంపి, మొదటి నవలలో తండ్రికి రాసిన చివరి ఘట్టాన్ని కొడుక్కి ఇచ్చాడు: దెయ్యాలు ఆవహించినవాడు ఒక్క క్షణం తేరుకుని, బాయిలర్ గదిలో ఉండిపోతాడు. హోటల్ తగలబడుతుంది. రెండో నవలలో డానీ చనిపోడు, కాబట్టి అది ఆ నవలకి విధేయత కాదు. 1977 నాటి ముగింపు మాత్రం 42 ఏళ్ల తరవాత, కుబ్రిక్ కట్టిన గోడల మధ్యే, పెద్ద తెర మీదకి వచ్చింది. కుబ్రిక్ సినిమాలో తనకి నచ్చని వాటన్నిటికీ ఇది పరిహారం చేసిందని కింగ్ అన్నారు. కుబ్రిక్ అభిమానులు కూడా పెద్దగా గొడవ చేయలేదు. ప్రపంచవ్యాప్తంగా వసూళ్లు సుమారు 7.2 కోట్ల డాలర్లు, రెండేళ్ల ముందు 'ఇట్' తెచ్చినదానిలో దాదాపు పదోవంతు.